చలిలో పరీక్ష

బల్బు కొనబోతే దుకాణదారు ఒకసారి వెలిగించి చూపించి మరీ ఇస్తాడు. మనమూ తృప్తిగా ఇంటికి తెచ్చుకుంటాం. కాని ఆ బల్బు మైనస్ 186 డిగ్రీల చలిలో, ఏళ్ళ తరబడి వెలగవలసినదైతే? దుకాణంలో వెలగడం ఏపాటి హామీ చెప్పండి!

న్యూట్రినోలను వేటాడేవారికి సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. న్యూట్రినో అంటే మన ఒంట్లోంచీ, భూమిలోంచీ కూడా దూసుకుపోయే సూక్ష్మకణం. తెలుగువారెందరో పనిచేసిన కోలారు బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో మన శాస్త్రజ్ఞులు వాటి జాడ పట్టారు. ఇప్పుడు ద్రవ ఆర్గాన్ నింపిన తొట్లతో కూడా పడుతున్నారు. ఆర్గాన్ అపురూపమేమీ కాదు; మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక పాలు అదే.

ఎప్పుడో ఒక న్యూట్రినో ఆర్గాన్ పరమాణువుకు తగిలితే, అక్కడ పుట్టిన కణాలు పరుగెత్తిన దారి పొడవునా ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. విద్యుత్తుతో వాటిని ఒక పలక వైపు లాగుతారు. పలక నిండా, ముగ్గు చుక్కల్లాగా, సుమారు 4 మిల్లీమీటర్లకొకటి చొప్పున పిక్సెళ్ళు. ఏ చుక్క మీద ఎప్పుడు ఎంత విద్యుదావేశం పడిందో చిప్పులు చెబుతాయి. దాన్నిబట్టి కణం దారి గీస్తారు.

కోరుట్లలో మా అక్కకు ఈ సంగతి చెబితే, “ఆ చిప్పులు బయట పెట్టుకోరాదా తమ్మీ! అంత సల్లటి దాంట్ల ముంచుడెందుకు?” అన్నది. సబబైన ప్రశ్నే. పడే ఆవేశం బహు స్వల్పం. పొడుగాటి తీగల గుండా బయటికి తెచ్చేసరికి రొదలో కలిసిపోతుంది. అందుకని చిప్పు పిక్సెల్ వెనకే ఉండాలి. పైగా వేడెక్కకూడదు, వేడెక్కితే ఆర్గాన్ మరిగి బుడగలు లేస్తాయి.

కమ్మరి బండిచక్రానికి ఇనుప పట్టా ఎర్రగా కాల్చి ఎక్కించడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు. నీళ్ళు పోయగానే పట్టా ముడుచుకుని చక్రాన్ని బిగిస్తుంది. పలకలోని రాగి, సిలికాన్ కూడా చలికి ముడుచుకుంటాయి గాని, రెండూ ఒకే పాళ్ళలో కాదు. చక్రానికి మేలు చేసిన గుణమే ఇక్కడ సన్నని అతుకును తెంపవచ్చు. గదిలో లక్షణంగా పనిచేసిన పలక చలిలో మూగబోవచ్చు. తొట్టి మూసి ఆర్గాన్ నింపాక, బాగుచేయడానికి చెయ్యి పెట్టే వీలుండదు.

అందుకే అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాల ‘లార్‌పిక్స్’ చిప్పులతో టన్ను ప్రమాణంలో నమూనా కట్టి, 2021లో స్విట్జర్లండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో ద్రవ ఆర్గాన్‌లో ముంచి చూశారు. ఆకాశం నుంచి ఊరికే కురిసే కాస్మిక్ కిరణాలే పరీక్షకు పనికివచ్చాయి. సుమారు రెండున్నర కోట్ల సంఘటనలు నమోదయ్యాయి. అట్లా ఒక్కొక్కటిగా పరీక్షించిన నాలుగు మాడ్యూళ్ళను అమెరికాలోని ఫెర్మీల్యాబులో అమర్చగా, 2024లో న్యూట్రినోలు ఆ చుక్కల మీద తమ గుర్తులు వేశాయి.

ఫెర్మీల్యాబు న్యూట్రినో ప్రయోగాల్లో హైదరాబాదు విశ్వవిద్యాలయం వారికీ పాలుంది. రేపు ఆ చుక్కలు కలిపేవారిలో కోరుట్ల పిల్ల ఒకతె ఉన్నా నేను ఆశ్చర్యపోను.