ప్లేటుకి ఐదు రూపాయలు

"టేస్టు పోయింది మామా" అన్నాడు ఒకడు. "నూనె చూశావా, ఇంజనాయిల్లా ఉంది" అన్నాడు రెండోవాడు. డబ్బులిచ్చే దగ్గరకొచ్చేసరికి "నలభయ్యా!?" అన్నారు ఇద్దరూ కలిసి. పది నిమిషాల్లో మూడు మాటలు. ఒకదానికొకటి పొసగవని ఇద్దరికీ తట్టలేదు. నాకైతే ఒళ్ళు మండింది. అక్కడ అనలేక మింగేసినవన్నీ ఇక్కడ కక్కేస్తున్నా, కాస్త ఓపిక పట్టండి.

పోయిన నెలలో ఒక పెళ్ళికని విజయవాడ వెళ్ళాం, నేనూ, మా ఆఫీసు మిత్రులు ఇద్దరూ. నేను పెరిగింది సత్యనారాయణపురంలో. ఒకప్పుడు ఇక్కడ రైలు పట్టాలుండేవని మా నాన్న చెప్పే చోట ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు ఉంది. దానికి కాస్త ఇవతలగా, మా పాత వీధి మొదట్లో బాబాయి గారి హోటలు. హోటలు అనడం మర్యాదకి. నాలుగు బెంచీలు, ఒక గల్లాపెట్టె, రోడ్డు వైపుకి తిప్పి పెట్టిన పొయ్యి, దాని మీద మూకుడు. అంతే. పొద్దున ఇడ్లీ, సాయంత్రం నాలుగున్నర నుంచి మిరపకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ, పునుగులు. బజ్జీ మిరపకాయని చీల్చి, గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపి లోపల రాసి, శనగపిండిలో ముంచి వేస్తారు. వేగాక మళ్ళీ పొట్ట కోసి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండుతారు. పునుగుల్లోకి అల్లం పచ్చడి. దారి పొడుగునా నేను దీని గురించి ఊదరగొట్టి మరీ తీసుకెళ్ళా. అందుకే నాకు ఎక్కువ మండింది అనుకోండి.

మొదట ఆ "టేస్టు పోయింది" సంగతి చూద్దాం. నిజం చెప్పాలంటే నాక్కూడా మొదటి బజ్జీ కొరకగానే అదే అనిపించింది. అనిపించినంత మాత్రాన నిజమైపోదు కదా. అప్పట్లో నేను సాయంత్రం ఐదింటికి స్కూలు నుంచి కడుపు మాడ్చుకుని వచ్చేవాణ్ణి. జేబులో ఐదు రూపాయలుంటే ఆ రోజుకి నేనే రాజుని. ఇప్పుడు? పెళ్ళిలో పన్నెండు రకాలు మెక్కి, కాసేపు కునుకు తీసి, కారులో దిగి బజ్జీ తింటే అదే రుచి రావాలా? వస్తుందా?

ఇంకో తిరకాసు కూడా ఉంది. బొత్తిగా కొత్త నూనెలో వేసినవాటికి ఆ ఎర్రటి రంగు, ఆ వాసన తొందరగా రావు. నూనె కాస్త వాడిందైతేనే బాగా వస్తాయి. ఒక హద్దు దాటాక మళ్ళీ అంతా పాడవుతుంది, అది వేరే సంగతి. అంటే చిన్నప్పటి రుచి అని మనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నామే, అందులో కొంత వాటా నిన్నటి నూనెదే అయ్యుండాలి. అప్పుడు బాబాయి రోజూ తాజా నూనె పోసేవాడని, ఇప్పుడే చెడిపోయాడని ఎవరైనా అంటే నేను నమ్మను. అప్పుడూ ఇదే మూకుడు, ఇదే పద్ధతి. మనకే నూనె రంగు చూసే వయసు కాదు.

అలాగని నల్ల నూనెని వెనకేసుకురావట్లేదు. మాటిమాటికీ కాచిన నూనె చిక్కబడుతుంది, నురగ కడుతుంది, ముందుకన్నా తక్కువ వేడికే పొగలొస్తుంది. అందులో తయారయ్యే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే ఆ నూనె వంటకి పనికిరాదని ఫుడ్ సేఫ్టీ అథారిటీ నిబంధన పెట్టింది, 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. మంచిదే. పాత నూనెలో కొత్త నూనె కలిపితే కొత్తది కూడా తొందరగా చెడుతుంది. మన దగ్గర చిన్న హోటళ్ళలో జరిగేది ఎక్కువగా ఇదే. నేను కాదనను.

కానీ అసలు ప్రశ్న, ఆ నూనె పారబోస్తే ఆ డబ్బులు ఎవరివి?

మావాళ్ళిద్దరూ ఫోన్లలో మునిగిపోయాక బాబాయి పక్కన స్టూలు మీద కూర్చుని అడిగా. దాపరికం లేకుండా చెప్పాడు. సాయంత్రానికి ఎనిమిది లీటర్లు పోస్తాడు, దుకాణం కట్టేసేసరికి నాలుగు మిగులుతుంది. దాన్ని వడకట్టి మర్నాటి నూనెలో కలుపుతాడు. గిరాకీ బాగుంటే నూటిరవై ప్లేట్లు పోతాయి. సరే, లీటరు 140 అనుకుందాం. మిగిలిన నాలుగు లీటర్లూ రోజూ వదిలేసుకుంటే 560 రూపాయలు. నూటిరవై ప్లేట్ల మీద సర్దితే ప్లేటుకి ఐదు రూపాయలు కూడా పడదు. నేను రెండుసార్లు లెక్కేసుకున్నా, ఎక్కడో తప్పు చేశాననుకుని. లేదు, అంతే. ఇన్నాళ్ళూ నేను ఇదేదో పెద్ద సమస్య అనుకున్నా. తీరా చూస్తే నలభై నలభైఐదు అవ్వాలి, అంతే!

"మరి పెంచెయ్యొచ్చుగా బాబాయ్?" అన్నా.

"పెంచితే పక్క సందులో బండివాడు ముప్పైకిస్తాడు. వాడి నూనె నువ్వు చూశావా? ఎవడూ చూడడు. రేటు మాత్రం అందరూ చూస్తారు."

"పోనీ బోర్డు పెట్టండి. ఏ రోజు నూనె ఆ రోజే అని."

ఆయన జల్లి గరిటె మూకుడు అంచుకి కొట్టి నవ్వాడు. "అలా రాస్తే, మరి నిన్నటిదాకా ఏం పోశావురా అంటారు."

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

ఆ నూనె ధరైనా నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. మన దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా బయటనుంచే వస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె మండింది. అదే ఏడాది ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మూడు వారాల పైన. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం ముడి నూనెల మీద దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, 2025 మే చివర మళ్ళీ 10కి దించింది. జకార్తాలో ఎవరో సంతకం పెడితే సత్యనారాయణపురంలో పునుగు ఖరీదు కదులుతుంది. బాబాయి దగ్గరున్న ఉపాయాలు మాత్రం రెండే. పునుగు సైజు తగ్గించడం, నూనె ఇంకో రోజు లాగించడం. రేటు పెంచడం అనే మూడో ఉపాయాన్ని మనం ఆయన చేతిలోంచి లాగేసుకున్నాం, "నలభయ్యా!" అని.

పెద్ద కిచెన్ల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. వేపుళ్ళకి రోజుకి 50 లీటర్ల పైన నూనె వాడేవాళ్ళు లెక్కలు రాసి పెట్టాలని 2019లో రూలొచ్చింది. వాడేసిన నూనెని బయోడీజిల్‌కి మళ్ళించే పథకం అంతకుముందు ఏడాదే, 2018లో మొదలైంది. ఇవన్నీ ఎందుకొచ్చాయి? పెద్దచోట్ల వాడి వదిలేసిన నూనె చవగ్గా చిన్న హోటళ్ళకీ, బండ్లకీ చేరుతోంది కాబట్టి. అంటే మనం ఏసీ హాల్లో తిన్న వేపుడు తాలూకు ఎంగిలి నూనె ఎవడో పేదవాడి బజ్జీలోకి పోతుంది, మనమేమో ఆ బండి ముందు నిలబడి ముక్కు మూసుకుంటాం. భలే ఉంది కదూ!

ఇక మా మిత్రుల విషయం. పరమ పిసినారులేం కాదు. అదే రోజు పొద్దున రోడ్డు పక్క ఫుడ్‌కోర్టులో నాలుగు పకోడీలకి, రెండు టీలకి ఎంత పెట్టారో నేను చూశా. కిక్కురుమనలేదు. అక్కడ నూనె గోడ వెనక ఉంటుంది కాబట్టి రంగు గురించి బెంగ లేదు. డెలివరీ యాపులు 2023లో 2 రూపాయలతో మొదలెట్టిన ప్లాట్‌ఫామ్ ఫీజుని తర్వాత పది దాటించేశాయి. దానివల్ల మన తిండి ఇసుమంతైనా శుభ్రపడిందా? అడిగామా? ఇవ్వడానికి ఐదు రూపాయలు లేక కాదు. బెంచీ మీద కూర్చుని తినేచోట మాత్రం బేరం చెయ్యడం మన హక్కనుకుంటాం. నాకూ ఆ జబ్బుంది. రెండేళ్ళ క్రితం ఇదే బాబాయి ముప్పై చేసినప్పుడు "ఏంటి బాబాయ్, దోచేస్తున్నావ్" అని నవ్వుతూ అన్నది నేనే. ఆయన కూడా నవ్వాడు. అప్పుడు అది జోకే అనుకున్నా.

కారెక్కాక మావాడు మ్యాపుల్లో రెండు స్టార్లు కొట్టాడు. "నూనె బాలేదు, రేటు ఎక్కువ" అని రాశాడు. తియ్యరా బాబూ అని బతిమాలా. "నేను రాసింది అబద్ధమా?" అన్నాడు. నూనె మాట అబద్ధం కాదు. ఆ రెండో ముక్కే మొదటిదానికి కారణం అని చెప్పబోయా. వాడప్పటికే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

మర్నాడు తిరుగు ప్రయాణానికి ముందు నేనొక్కణ్ణే మళ్ళీ వెళ్ళా. తొలి వాయి తీస్తున్నాడు. ఇంటికి నాలుగు ప్లేట్లు కట్టమన్నా. చెయ్యి అలవాటుగా పాత న్యూస్‌పేపర్ మీదకి వెళ్ళింది. పేపర్లో తిండి కట్టొద్దని 2016లోనే చెప్పారు, ఆ సిరా ఒంటికి మంచిది కాదని. ఆ మాటే అన్నా. "ఆకులు తెస్తే అది ఇంకో రూపాయి, అదెవడిస్తాడు?" అన్నాడు. మా అమ్మ దగ్గర్నుంచి పట్టుకొచ్చిన స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టా. ఒకసారి డబ్బా వంకా, ఒకసారి నా వంకా చూసి, అందులో బజ్జీలు పేర్చి, పైన రెండు ఎక్కువే వేశాడు. నూట ఎనభై ఇచ్చా. నూట అరవై ఉంచుకుని ఇరవై వెనక్కిచ్చేశాడు.

"రేటు పెంచినప్పుడు తీసుకుంటాలే" అన్నాడు.