కాగితం చదివే మనిషి

‘స్కామ్ 1992’ సీరియల్ మన పూర్వభాగ్‌లో చూడని ఇల్లు తక్కువ. హర్షద్ మెహతా నడక, కారు, ఆ సంగీతం మన పిల్లలకు అన్నీ వచ్చు. అందులో అందరినీ ప్రశ్నలు అడుక్కుంటూ తిరిగే విలేకరి ఉంటుంది చూడండి, ఆమె కల్పించిన పాత్ర కాదు. పేరు సుచేతా దలాల్. ఇప్పటికీ ముంబైలోనే రాస్తున్నారు.

ధార్వాడ్‌లోని కర్ణాటక కాలేజీలో లెక్కల శాస్త్రం (స్టాటిస్టిక్స్) చదివి, బొంబాయి యూనివర్సిటీలో లా చేశారు. లెక్కలూ, చట్టమూ రెండూ తెలిసిన విలేకరి మనకు ఎంతమంది ఉన్నారు చెప్పండి! 1984లో పత్రికల్లో చేరారు. అప్పట్లో షేర్ల వార్త అంటే కంపెనీవాళ్ళు పంపిన కాగితం తిప్పి రాసేసేవాళ్ళే ఎక్కువ. ఆమె ఆ కాగితం వెనక ఇంకో కాగితం అడిగేవారు.

1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆమె వార్త వచ్చింది. స్టేట్ బ్యాంకు లెక్కల్లో సుమారు 500 కోట్ల రూపాయల సర్కారీ బాండ్లు కనబడడం లేదు, ఒక పెద్ద బ్రోకరును ఆ సొమ్ము కట్టమని బ్యాంకు ఒత్తిడి చేస్తోంది అని. కిటుకు మన కార్ఖానా భాషలో చెబుతాను. ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు బాండ్లు అమ్మినప్పుడు, సరుకు వెంటనే ఇవ్వలేకపోతే ‘తర్వాత ఇస్తాం’ అని రసీదు రాసిచ్చేది. గోదాములో ఒక్క నూలు బేలు లేకుండానే బిల్లు రాసిస్తే ఎట్లా ఉంటుంది? కొన్ని చిన్న బ్యాంకులు అట్లాంటి ఉత్త రసీదులే రాసిచ్చాయి. ఆ డబ్బు బ్రోకరు చేతిమీదుగా షేర్ బజారుకు పోయింది. పోయినదాని లెక్క 4 వేల కోట్లు దాటిందని రిజర్వు బ్యాంకు వేసిన జానకిరామన్ కమిటీ తేల్చింది. భర్త దేబాశిష్ బసుతో కలిసి ఆమె ఇదంతా ‘ది స్కామ్’ అనే పుస్తకంగా రాశారు. 2006లో పద్మశ్రీ వచ్చింది.

జనం ఆమెను తలుచుకునేది ఈ ఒక్క వార్తతోనే. నన్నడిగితే తర్వాత చేసిన పనే మనలాంటివాళ్ళకు ఎక్కువ అక్కరకొచ్చేది. 2006లో ఆ దంపతులు ‘మనీలైఫ్’ పత్రిక పెట్టారు, 2010లో అదే పేరుతో ఒక ఫౌండేషన్. అక్కడ సామాన్యులకు బ్యాంకు, బీమా, పెట్టుబడి సంగతుల మీద ఉచితంగా క్లాసులు, సలహాలు. బ్యాంకు కౌంటర్లోనే డిపాజిట్ అని చెప్పి బీమా పాలసీ అంటగట్టే అలవాటు మీద వాళ్ళు ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నారు. పెద్ద దొంగ దొరికితే పేపర్లో ఫోటో వస్తుంది. కౌంటర్లో జరిగేదానికి ఫోటో రాదు.

అట్లాంటిదే మన వాడలో జరిగింది. ఒక వదిన, పేరు రాయను, భర్త పోయాక వచ్చిన పీఎఫ్ డబ్బు 3 లక్షలు ఒక బ్యాంకులో ఎఫ్‌డీ వేద్దామని పోయింది. ఏడాది తిరిగాక ‘రెండో ప్రీమియం కట్టండి’ అని చీటీ వచ్చింది.

“ఏం కాగితం మీద సంతకం పెట్టినవ్ వదినా?”

“ఏమో, చదవలె. సాహెబ్ పెన్సిల్‌తోని గుర్తు పెట్టిండు, ఆడాడ పెట్టిన. ఎఫ్‌డీ లెక్కనే అన్నడు.”

ఆమెది తప్పనే నోళ్ళు కూడా వాడలో ఉన్నాయి. ఇంగ్లీషులో నలభై పేజీలు చేతికిచ్చి చదువుకోలేదేం అనడం నాకు న్యాయంగా తోచదు. పాలసీ కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లోపు ‘నాకొద్దు’ అని రాసిస్తే, చిన్న ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు వాపసు ఇవ్వాలి. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. వదినకు ఆ గడువు దాటింది. అయినా దారి మూసుకుపోలేదు. మోసం చేసి అమ్మారని బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించాం. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. మన సోలాపూర్‌కు పూణె ఆఫీసు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నెల ఇంకా నిండలేదు, ఎదురుచూస్తున్నాం.

ఇంకో సంగతి. ముంబైలో పీఎంసీ బ్యాంకు 2019 సెప్టెంబరులో చిక్కుల్లో పడ్డప్పుడు మొదట ఖాతాదారుకు 1,000 రూపాయలు మాత్రమే తీసుకోనిచ్చారు. టాక్సీ నడిపేవాళ్ళు, పెన్షన్ మీద బతికేవాళ్ళు బ్యాంకు గుమ్మాల ముందు ఏడ్చారు. అప్పటికి బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు బీమా 1 లక్ష వరకే. 2020 ఫిబ్రవరిలో దాన్ని 5 లక్షలు చేశారు, అసలూ వడ్డీ కలిపి, ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి. సహకార బ్యాంకులకూ ఇది ఉంది.

కానీ పతసంస్థకు లేదు! ఈ మాట పెద్ద అక్షరాల్లో వేయమని ఎడిటరుగారిని అడిగాను, కుదరదన్నారు. బ్యాంకు వేరు, పతసంస్థ వేరు. బోర్డు మీద ‘సహకారీ’ అని రెండింటికీ ఉంటుంది, చాలామందికి తేడా తెలియదు. వడ్డీ ఒక రూపాయి ఎక్కువ ఇస్తారని బిడ్డ పెళ్ళి డబ్బంతా అక్కడ పెట్టినవాళ్ళు మనలో ఉన్నారు. నడిచినన్నాళ్ళు బాగానే నడుస్తుంది. ఆగితే ఆ 5 లక్షల బీమా రాదు. గల్లీలో వేసుకునే భిశీకి కూడా ఏ బీమా లేదు. భిశీ మానేయమని చెప్పను, అది మన ఆడవాళ్ళ బ్యాంకు. ఎవరి దగ్గర, ఎంత అన్నది మాత్రం ఒక నోటుబుక్కులో రాసి నెలనెలా సంతకం తీసుకోండి. మాటమీద నడిచినదానికి రేపు కోర్టులో సాక్ష్యం దొరకదు.

బ్యాంకు మీద ఫిర్యాదుంటే మొదట ఆ బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. వివరాలకు 14448. సరుకు, సేవ, రిపేరు, వారంటీ, ఏ కొనుగోలు గొడవకైనా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసేముందు బిల్లు, పాస్‌బుక్కు పక్కన పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు ఇస్తారు, అది రాసుకోకుండా ఫోన్ పెట్టొద్దు. మీ దగ్గర అర్థంకాని పాలసీ కాగితాలుంటే ఆదివారం పొద్దున వాచనాలయానికి తీసుకురండి. అసలు కాగితాలు ఇంట్లో ఉంచి జిరాక్సు తెండి, వదినకు కూడా అదే చెప్పాను.