వ్రీడ సంచారి మాత్రమే

రాబోయే కాలంలో ఒక నిరంకుశ రాజ్యం. కోరికను నేరంగా ఎంచే ప్రభుత్వం. అక్కడ సిగ్గును జయించి ఒకరినొకరు కోరుకున్న ఒక స్త్రీ, ఒక పురుషుడు. ఇటువంటి ఇతివృత్తంతో శృంగార కథ వ్రాయడం తెలుగువాని పని కాదనీ, అది పడమటి దేశాలవారి విలాసమనీ, మన సంస్కృతికి గిట్టని సరుకనీ మా విజయనగరంలో సాహిత్యాభిమానులైన మిత్రులు కొందరు తరచు అంటూ ఉంటారు. వారి మీద నాకు గౌరవం ఉన్నది. వారి వాదం మీద మాత్రం లేదు. ఎందుకు లేదో విన్నవించుకోవడానికే ఈ టపా.

పడమటివారు అటువంటి కథలు వ్రాసిన మాట నిజమే. జమ్యాతిన్ అనే రష్యన్ రచయిత ‘మేము’ అనే నవలలో, స్త్రీపురుషులు కలుసుకోవడానికి ప్రభుత్వం గులాబిరంగు చీటీలిచ్చే రాజ్యాన్ని కల్పించాడు. అది స్వదేశంలో అచ్చు కాలేక 1924లో ఆంగ్లానువాదంగా వెలుగు చూసింది. 1949లో వచ్చిన ఆర్వెల్ ‘1984’లో విన్‌స్టన్, జూలియాల ప్రేమ పాలకులకు రాజద్రోహంతో సమానం. 1985లో మార్గరెట్ ఆట్‌వుడ్ స్త్రీ శరీరాన్ని రాజ్యం సొత్తుగా మార్చుకున్న దేశాన్ని చిత్రించింది. వీరందరూ ఊహించి వ్రాశారు. మనకు ఆ శ్రమ కూడా అక్కరలేదు. జరిగినది జరిగినట్టు చెబితే చాలు.

ముద్దుపళని పద్దెనిమిదవ శతాబ్దపు కవయిత్రి. తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానంలో ఉండేది. ఆమె కావ్యం ‘రాధికా సాంత్వనము’. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరికీ బుద్ధులు చెబుతుంది. ఆ తరువాత తన మనసే తన మాట వినక విరహంతో, కోపంతో కుమిలిపోతుంది. చివరకు కృష్ణుడే దిగివచ్చి ఆమెను ఊరడిస్తాడు. కోరుకునే హక్కు, అలిగే హక్కు, అడిగే హక్కు స్త్రీవి కావడమే ఆ కావ్యంలోని విశేషం. పంతొమ్మిదవ శతాబ్ది చివర దానిని అచ్చు వేసినవారు కొన్ని పద్యాలను తొలగించారు. కవయిత్రి తన వంశాన్ని, విద్వత్తును చెప్పుకున్న పీఠికాభాగాన్ని కూడా తొలగించారు. శృంగారం ఒక్కటే అభ్యంతరమైతే పీఠికను ఎందుకు కోశారు? ఇది ఆలోచించవలసిన ప్రశ్న.

బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, సంపూర్ణ పాఠాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రకటించింది. ఆ మరుసటి ఏడే సర్కారు కదిలింది. పోలీసులు వావిళ్ళవారి మీద పడి పుస్తకాలు పట్టుకుపోయారు. పండితులు వేడుకున్నా ఫలితం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలం (1946–47) వచ్చేదాకా ఆ కావ్యానికి చెర తప్పలేదు. 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చు వేశారు. ఆ సంవత్సరమే నాగరత్నమ్మ కన్నుమూసింది. ఒక స్త్రీ కోరికను గురించి మరొక స్త్రీ వ్రాసినది, ఇంకొక స్త్రీ వెలికి తీసినది, మూడున్నర దశాబ్దాలకు పైగా రాజ్యం చేతిలో బందీ అయింది. ఆర్వెల్ నవల పుట్టకముందే ఇదంతా అయిపోయింది.

ఈ సిగ్గు మన సంప్రదాయమే కదా అని మిత్రులు అడుగుతారు. కాదని నా మనవి. నిషేధానికి ఆధారం 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 292వ సెక్షను. ఏది అశ్లీలమో నిర్ణయించడానికి మన న్యాయస్థానాలు పట్టుకున్న కొలబద్ద 1868లో ఇంగ్లండులో వచ్చిన హిక్లిన్ తీర్పు. సులభంగా చెడిపోగల మనసులను ఏ రచన చెడగొట్టగలదో అది అశ్లీలం అని దాని సారాంశం. అంటే దేశంలో అందరికంటె బలహీనమైన మనసు ఏదో, అదే అందరికీ ప్రమాణం! మన సుప్రీంకోర్టు 1964లో కూడా ఆ కొలబద్దనే ఆమోదించి, 2014లో గాని దానిని విడిచిపెట్టలేదు. ఆ సెక్షను ఇప్పుడు 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 294వ అంకెతో నడుస్తున్నది. మనం సనాతనమనుకుని కాపాడుతున్న సిగ్గులో చాలా భాగం విక్టోరియా రాణిగారి కాలపు దిగుమతి సరుకు.

సనాతనం ఏమి చెప్పిందో పండితులకు తెలియనిది కాదు. భరతముని ముప్పది మూడు సంచారిభావాలను లెక్కించాడు. వాటిలో ‘వ్రీడ’ ఒకటి. వ్రీడ అంటే సిగ్గే. రతి మాత్రం స్థాయిభావం. సంచారి వస్తుంది, పోతుంది. స్థాయికి వన్నె తెచ్చి తప్పుకుంటుంది. నాయిక తల వంచుకోవడం అందమే, తరువాత తల ఎత్తితేనే. భోజుడైతే శృంగారమొక్కటే రసమనేదాకా వెళ్ళాడు. మరి మనమేం చేశాము? సంచారిని తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టి, స్థాయిని ద్వారపాలకుణ్ణి చేశాము. దీనిని సంప్రదాయమనరాదు. అలంకారశాస్త్రం చదువుకున్నవారు దీనిని అనౌచిత్యమంటారు.

సిగ్గు అందరికీ సమానంగా పంచి ఉంటే కొంత ఊరట ఉండేది. అదీ లేదు. భాషాప్రవీణ చదివిన రోజులలో మేము శ్రీనాథుని శృంగార నైషధాన్ని, పెద్దన వరూధినిని విభావానుభావాలుగా విడదీసి వ్రాసి మార్కులు తెచ్చుకున్నాము. అది విద్వత్తు. అవే మాటలు ముద్దుపళని వ్రాస్తే బూతు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు మహనీయులు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించిన సాహసానికి జాతి ఋణపడి ఉన్నది. ఆయనే ముద్దుపళనిని, ఆమె కావ్యాన్ని స్త్రీలు వినరానివిగా నిందించారు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. సిగ్గు పడవలసినది ఆడవారేనా, మగవారికి అది వర్తించదా అని నిలదీసింది. పంతులుగారే పరిష్కరించిన ‘వైజయంతీ విలాసము’ సంగతేమిటని అడిగింది. ఆ ప్రశ్నకు తగిన జవాబు నేటికీ నాకు ఎక్కడా కనబడలేదు.

ఇక మా ఊరికి వస్తాను. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమై, 1909లో పెంచి వ్రాయబడిన ‘కన్యాశుల్కం’ను అందరూ సంఘసంస్కరణ నాటకమంటారు. నేను దానిని సిగ్గు రాజ్యపు నాటకంగా కూడా చదువుతాను. యాంటీనాచ్చి ఉపన్యాసాలిచ్చే గిరీశం మధురవాణి ఇంట పెరిగిన చనువుతోనే బతుకుతాడు. అతనికి సిగ్గు లేదు. సౌజన్యారావు పంతులు నిజాయితీపరుడు. ఆయనకు సిగ్గు మితిమీరి ఉన్నది, వేశ్య ముఖం చూడడానికి కూడా వెనుదీస్తాడు. మధురవాణి మగవేషంలో ఆయన ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. చేసిన ఉపకారానికి ప్రతిఫలంగా ఒక ముద్దు అడుగుతుంది. ఆయన తన వ్రతాన్ని విడిచి ఒప్పుకున్న క్షణాన, చెడని వారిని చెడగొట్టనని తానే వద్దంటుంది. అడగడమూ ఆమెదే, నిరాకరించడమూ ఆమెదే. ఆ గదిలో స్వతంత్రురాలు, స్వతంత్రుడు ఎవరంటే మధురవాణి ఒక్కతే. బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపి నాటకం ముగుస్తుంది. ఆమె ఏమి కోరుకున్నదో ఆ పెద్దమనుషులలో ఒక్కరూ అడగలేదు. గురజాడ ఈ వెలితిని చూడకుండా వ్రాశాడని నేననుకోను.

ఇది వందేళ్ళనాటి ముచ్చట కదా అంటారా? నేను పనిచేసిన ఒక పాఠశాలలో కొత్తగా చేరిన ఉపాధ్యాయిని ఒకామె విరామంలో చలం ‘మైదానం’ చదువుతూ కనబడింది. ఎవరో పుస్తకం పేరు చూశారు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఆమె ఎటువంటి మనిషో తేల్చడానికి అరుగుల మీద పంచాయితీ నడిచింది. అదే స్టాఫురూములో ఒక మాష్టారి సొరుగునిండా అట్టమీద సగం బట్టలతో బొమ్మలున్న పత్రికలుండేవి. వాటిని అందరూ వంతులవారీగా చదివి, సొరుగులోనే భద్రంగా పెట్టేవారు. దీన్ని గురించి నేను అడిగితే, “ఆడపిల్ల కదండీ మాష్టారూ!” అన్నారు. అంతకంటె వేరే కారణం ఎవరూ చెప్పలేదు. ఆమె ఆ ఏడాదే బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయింది. మంచి లెక్కల టీచరు. నష్టపోయినది పిల్లలు. చలం ఆ నవల వ్రాసి దాదాపు శతాబ్దమయింది. దానిని చదివిన స్త్రీకి శిక్ష మాత్రం ఇంకా రద్దు కాలేదు.

మా ఉత్తరాంధ్ర పొలాలలో నాట్లు వేసే ఆడవాళ్ళు పాడుకునే సరసపు పాటలు విన్నవారికి, తెలుగు స్త్రీ కోరికను నోరారా చెప్పడం కొత్త కాదని తెలుసు. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన చాసో ‘ఏలూరెళ్ళాలి’ కథలో ముసలి మొగుడికి కట్టబెట్టబడిన పిల్ల, తన బతుకు తానే దిద్దుకున్న తీరును ఒక్క నీతివాక్యం చేర్చకుండా చెప్పాడు. మా శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన నోటి భాషను చూసి మనం సిగ్గుపడనక్కరలేదని జీవితమంతా పోరాడారు. నోటిలోని మాటకు ఆయన తెచ్చిన గౌరవాన్ని, మనసులోని మాటకు మనమింకా తేవలసి ఉన్నది. స్త్రీవాద కవయిత్రుల మీద ‘నీలి’ ముద్ర వేసినప్పుడు, వారు ఆ నిందనే పేరుగా ధరించి 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం తెచ్చారు. సిగ్గును ఎదుర్కొనే మార్గం అదే.

ఒక ఆక్షేపణను మాత్రం నేను గౌరవిస్తాను. శృంగారం పేరిట దోపిడీని కీర్తించరాదు. కళావంతుల కుటుంబాల బాలికలకు దేవాలయాలలోను, జమీందారుల కొలువులలోను జరిగిన అన్యాయం నిజం. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఊరకే రాలేదు. అందుకే గీత స్పష్టంగా గీసుకోవాలి. ఇద్దరు పెద్దవారు, ఇద్దరి ఇష్టం, ఇద్దరికీ కాదనగల స్వేచ్ఛ: ఈ మూడూ ఉన్నచోట శృంగారం. ఏ ఒక్కటి లోపించినా అది దౌర్జన్యం, ఎంత చక్కటి ఛందస్సులో వ్రాసినా సరే. చిత్రమేమిటంటే, సిగ్గు రాజ్యం ఈ గీతను ఎప్పుడూ గీయలేదు. పెళ్ళి పందిళ్ళలో ఐటం పాటకు చిన్నపిల్లల చేత గంతులు వేయించి చప్పట్లు కొట్టే ఇంట్లోనే, రాధ తన కోపాన్ని చెప్పుకున్న పద్యాలకు చెవులు మూసుకుంటారు. మొదటి దానిలో స్త్రీ వస్తువు. రెండవదానిలో ఆమె మనిషి. భయమంతా ఆ రెండవ సంగతికే.

కాబట్టి మిత్రులారా, రాబోయే రాజ్యాన్ని కల్పించి శృంగార కథ వ్రాయదలచిన యువ రచయితలను అదలించకండి. వారు పరాయి సరుకు దిగుమతి చేయడం లేదు. మన గడపలోనే ఉన్న రాజ్యానికి మరో వేషం వేసి చూపుతున్నారు. వారికి నా సలహా ఒక్కటే. పాత్రల చేత సిగ్గును ఒక్క వాక్యంలో విడిపించకండి. నిజజీవితంలో అది అంత తేలికగా విడవదు. ఇరుగుపొరుగు కళ్ళలో, అమ్మ మాటలో, స్టాఫురూము నవ్వులో అది కాపురముంటుంది. అక్కడి నుంచి దానిని ఒక్కొక్క మెట్టే దింపండి. అప్పుడు కథకు బలం వస్తుంది.

పాఠకులకూ ఒక మనవి. ‘రాధికా సాంత్వనము’ మీద ఇప్పుడు ఏ నిషేధమూ లేదు. సంపాదించి చదవండి. చదివిన తరువాత దానిని బీరువాలో బట్టల కింద దాచకండి. మనుచరిత్ర పక్కన నిలబెట్టండి. ఇంటికి వచ్చిన చుట్టాలు అడిగితే, కవయిత్రి పేరు గట్టిగా చెప్పండి.