పట్టా పుచ్చుకోగానే ఆర్కిటెక్టేనా?

ఎంబీబీఎస్ చదివినవారు ఏడాదిపాటు ఆస్పత్రి వార్డుల్లో హౌస్ సర్జన్‌గా పనిచేస్తేగాని పూర్తిస్థాయి డాక్టర్లుగా నమోదు కాలేరు. చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే రెండేళ్ల ఆర్టికల్‌షిప్ తప్పదు. ఆర్కిటెక్ట్‌కు మాత్రం అలాంటి మెట్టే లేదు. బీఆర్క్ పట్టా చూపించి రుసుము కడితే, 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్టర్‌లో పేరెక్కుతుంది. ఆ చట్టం దృష్టిలో మర్నాటినుంచి ఆ కుర్రాడికీ, ముప్ఫయ్యేళ్లు సైట్లమీద గడిపిన పెద్దాయనకూ తేడా లేదు. ఈ పద్ధతి మారాలి. చదువు ముగిశాక రెండేళ్లపాటు అనుభవజ్ఞుల కింద జీతంతో శిక్షణ, ఆపైన వృత్తి పరీక్ష ఉండాలి. ఆ రెండూ దాటినవారికే రిజిస్ట్రేషన్ ఇవ్వాలి.

ఇప్పటికే అయిదేళ్లు చదువుతున్నారు, ఇంకెంతకాలం అని అడిగేవారున్నారు. ఆ అయిదేళ్లు తేలికైనవేమీ కావు. చేరడానికే ప్రవేశ పరీక్షలైన నాటా గానీ, జేఈఈ మెయిన్‌లో రెండో పేపర్ గానీ గట్టెక్కాలి. ఆపైన పది సెమిస్టర్లు, జ్యూరీల ముందు నిలబడి సమాధానం చెప్పుకోవడాలు. అయితే అందులో ఆఫీసు పని నేర్చుకోవడానికి దక్కేది ఒక్క సెమిస్టరే. టెండరు పత్రం రాయడం, కాంట్రాక్టరు బిల్లు సరిచూడటం, కమ్మీ కట్టిన తీరు నచ్చకపోతే స్లాబు పోయకుండా ఆపించడం కాలేజీలో అబ్బేవి కావు. ఆ కొద్ది నెలల్లో కంప్యూటర్ ముందు త్రీడీ బొమ్మలు గీసి వచ్చేస్తే అసలే అబ్బవు. అమెరికాలో లైసెన్సు కోరేవారు 3,740 గంటల పని అనుభవం చూపాలి, ఆరు విభాగాల పరీక్ష నెగ్గాలి. ఇక్కడ చదివి అక్కడ లైసెన్సు కోరే తెలుగువారికీ పరీక్ష తప్పదు. పరాయి ఊళ్లో కట్టే భవనానికి అవసరమైన జాగ్రత్త మన ఊరికి అక్కర్లేదా?

ఇంతకన్నా బలమైన అభ్యంతరం సుప్రీంకోర్టు తీర్పునుంచి వస్తోంది. చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అన్న హోదానే తప్ప, నమోదు కానివారు ఆ పని చేయకుండా అడ్డుకోదని 2020లో కోర్టు తేల్చింది. మేస్త్రీలూ డ్రాఫ్ట్స్‌మన్లూ ఎలాగూ ప్లాన్లు గీస్తున్నప్పుడు, చదువుకున్నవారి దారికే కొత్త గేటు ఎందుకన్నది వాదన. మా దృష్టిలో ఆ తీర్పు చెబుతున్నది సరిగ్గా దీనికి ఎదురు. వృత్తికి మిగిలిన రక్షణ పేరొక్కటే అయినప్పుడు, డబ్బు పెట్టి ఇల్లు కట్టుకునేవారికి ఆ పేరు చూసి నమ్మడానికి ఆధారం ఉండాలి. తెలంగాణలో భవన అనుమతుల విధానమైన టీఎస్ బీపాస్ వచ్చాక చిన్న కట్టడాలకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరుకుతోంది. ముందస్తు తనిఖీ తగ్గినకొద్దీ గీసినవారి నైపుణ్యంమీద భారం పెరుగుతుంది.

రెండేళ్ల శిక్షణంటే ఆఫీసులకు చవగ్గా కూలీలు దొరకడమేనన్న భయం మాత్రం నిజమైనదే. స్టైపెండ్ పేరిట చిల్లర విదిల్చి రాత్రింబవళ్లు పని చేయించుకునే పద్ధతి ఇప్పటికే ఉంది. కనీస జీతం చట్టంలోనే రాయాలి. ఇవ్వని ఆఫీసుకు శిక్షణార్థులను తీసుకునే హక్కు పోవాలి. హైదరాబాద్, విజయవాడల్లో అద్దెలు భరించలేనివారి కోసం జిల్లా కేంద్రాల్లోని మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగాలనూ, రోడ్లు భవనాల శాఖనూ శిక్షణ స్థలాలుగా గుర్తించాలి. అర్హతను నిర్ణయించేది చట్టమే కాబట్టి కౌన్సిల్ తీర్మానాలతో ఇది తేలదు. సవరణ బిల్లును కేంద్రం పార్లమెంటు ముందుకు తేవాలి. ఇప్పుడు చదువుతున్నవారిని మినహాయించి, కొత్తగా చేరే బ్యాచ్ నుంచి అమలు చేస్తే సరిపోతుంది.