కొలవని అంకెను కొలతగా చూపొద్దు

తొంభైల నాటి పర్సనల్ కంప్యూటర్ క్యాబినెట్ ముందువైపు టర్బో బటన్, దాని పక్కనే ఎర్రగానో ఆకుపచ్చగానో వెలిగే రెండు మూడు అంకెలు ఉండేవి. ప్రాసెసర్ వేగం ఇన్ని మెగాహెర్ట్జ్‌లని అవి చెప్పేవి. బటన్ నొక్కితే అంకె మారేది. యంత్రం తన వేగాన్ని తానే కొలిచి చూపిస్తోందని కొన్నవారు నమ్మడంలో వింత లేదు. నిజానికి ఆ డిస్‌ప్లేల్లో చాలావరకు దేన్నీ కొలిచేవి కావు. అమర్చినవారు ఏ అంకె పెడితే అదే చూపేవి. పాత యంత్రాలను బాగుచేసే ఔత్సాహికులకు బాగా తెలిసిన ఈ సంగతి, తెర మీది అంకెను నమ్మి డబ్బు పెట్టే ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఒక అంకె కొలిస్తే వచ్చిందా, ఎవరైనా పెడితే వచ్చిందా అని అడిగే హక్కు, తెలుసుకునే వీలు వినియోగదారుకు ఉండాలి.

టర్బో బటన్ పుట్టుకకు బలమైన కారణమే ఉంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని ఇంటెల్ 8088 ప్రాసెసర్ 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. కొన్ని ఆటలను ఆ వేగాన్నే నమ్ముకుని రాశారు. తర్వాత వచ్చిన వేగవంతమైన ప్రాసెసర్ల మీద అవి ఆడలేనంత వేగంగా పరుగెత్తేవి. అవసరమైనప్పుడు యంత్రాన్ని నెమ్మది చేయడానికి బటన్ పెట్టారు. ఏ స్థితిలో ఉందో చెప్పడానికి ఒక చిన్న దీపం సరిపోయేది. దాని స్థానంలో అంకెలు వచ్చాక, స్థితి చెప్పాల్సిన సూచిక కాస్తా కొలతలా కనిపించసాగింది.

ఆ డిస్‌ప్లే బోర్డును విప్పి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. పవర్ సప్లై నుంచి ఐదు వోల్టుల తీగ, ఒక గ్రౌండ్ తీగ, టర్బో స్విచ్ నుంచో మదర్‌బోర్డు మీది టర్బో ఎల్‌ఈడీ పిన్నుల నుంచో వచ్చే తీగ, అంతే. ప్రాసెసర్ క్లాక్ నుంచి ఏ తీగా రాదు. ఒక్కో అంకెలో ఏడు గీతలుంటాయి. ఏ గీత ఎప్పుడు వెలగాలో వెనక పిన్నులకు తొడిగే జంపర్లు నిర్ణయిస్తాయి. టర్బోలో 33, లేనప్పుడు 16 కనిపించాలనుకుందాం. ఒకట్ల స్థానంలో మూడు ఆరుగా మారాలి. పై గీత, మధ్య గీత, కింది గీత, కుడివైపు దిగువ గీత ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. కుడివైపు ఎగువ గీత టర్బోలోనే వెలగాలి. ఎడమవైపు రెండు గీతలు టర్బో తీసేసినప్పుడే వెలగాలి. పదుల స్థానంలో ఆ ఎడమ గీతలు ఎప్పుడూ వెలగకూడదు. జంపర్లు మార్చి 99 అని పెట్టినా డిస్‌ప్లే అభ్యంతరం చెప్పదు. ప్రాసెసర్‌కు ఆ సంగతే తెలియదు.

ఇందులో మోసమేముంది, అది వట్టి అలంకారం కదా అనే వాదన ఉంది. అమ్మినవారికి అది అలంకారమే. కొన్నవారికి మాత్రం అదే ఆధారం. పైగా చాలా 486 ప్రాసెసర్ బోర్డుల్లో టర్బో తీసేస్తే క్లాక్ తగ్గేదే కాదు, క్యాష్ మెమరీ ఆగిపోవడమో ప్రాసెసర్ వేచి ఉండే సమయం పెరగడమో జరిగేది. పని నెమ్మదించడం నిజమే గానీ, డిస్‌ప్లే చూపే తక్కువ మెగాహెర్ట్జ్ యంత్రంలో ఎక్కడా ఉండేది కాదు. క్లాక్ ఒక్కటే వేగానికి కొలమానం కాదన్న మాటా సబబే. ఆ వాదనతోనే సైరిక్స్ కంపెనీ తన 150 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను పీఆర్200+ అనే పేరుతో అమ్మింది. కానీ క్లాక్ సరైన కొలమానం కాకపోతే ఏది కొలిచారో చెప్పాలి తప్ప, క్లాక్‌లా కనిపించే మరో అంకె ఇవ్వడం పరిష్కారం కాదు. ఈ జబ్బు పాత పెట్టెలతో పోలేదు. ఐఫోన్‌లో సిగ్నల్ గీతలను లెక్కించే సూత్రం పూర్తిగా తప్పని, చాలా సందర్భాల్లో ఉండాల్సిన దానికన్నా రెండు గీతలు ఎక్కువ చూపుతోందని 2010లో ఆపిలే ఒప్పుకుంది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2019లో 4జీ ఫోన్ల మీదే '5జీ ఈ' అనే గుర్తు చూపించింది.

నిజంగా కొలిచే పరికరం పెడితే ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే నిజం చెప్పడానికి ప్రతిసారీ కొలవనక్కర్లేదు. ఆ జంపర్లతోనే అంకెలకు బదులు ఆంగ్ల అక్షరాల్లో 'హెచ్ఐ', 'ఎల్ఓ' అని చూపించవచ్చు. ఎక్కువ, తక్కువ అని మాత్రమే చెప్పే ఆ అక్షరాలు తమకు తెలిసినంతే చెబుతాయి. పాత యంత్రాల్లో జంపర్ల అమరికను కదిలిస్తే చరిత్ర చెడిపోతుందనే వారు ముందుగా దాన్ని ఫొటో తీసి భద్రపరిస్తే సరిపోతుంది. ఆ తర్వాత పరీక్షించి తేల్చిన వేగాన్నే పెట్టడం యంత్రానికీ చూసేవారికీ మర్యాద.

కిరాణా కొట్టు కాటాకు, పెట్రోలు పంపుకు తనిఖీ చేసి ముద్ర వేయాలని మన లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) చట్టం, 2009 చెబుతోంది. అంకె చూపేవాడే దానికి జవాబుదారీ అన్నది అందులోని నీతి. ఫోన్‌లో బ్యాటరీ శాతానికైనా, ఇంటర్నెట్ వేగానికైనా అదే నీతి వర్తించాలి. చూపే ప్రతి అంకె కొలిచినదా, అంచనా వేసినదా, ముందే పెట్టినదా అని తయారీదారులు సెట్టింగ్స్‌లో స్పష్టంగా రాయాలి. రాయని కంపెనీని నిలదీయడం వినియోగదారుల సంఘాల పని, రాయించడం ప్రభుత్వం పని.