సంఘపు యంత్రముల గదికి గాలియు విద్యుత్తును

దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి మార్చుటకై 2022 జూను నెలలో కేంద్ర ప్రభుత్వమువారు 2,516 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసిరి. మన గోదావరి డెల్టా సంఘములలో ఖాతాపుస్తకముల ప్రక్కకు రూటరు, స్విచ్చి, బ్యాటరీలు వచ్చి చేరుచున్నవి. వానికి తగిన చోటేదియని ముందుగా నాలోచించిన సంఘములు మాత్రము నేను చూచినవానిలో బహుస్వల్పము. తరచుగా ఎరువుల గిడ్డంగి ప్రక్కనున్న కిటికీలేని కొట్టుగదియే వాని పాలబడుచున్నది.

తడియారని ధాన్యమును గాదెలో పోసి మూసినచో లోపల వేడి పుట్టునని రైతునకు వేరుగ జెప్పనక్కరలేదు. ఈ గదియు నట్టిదే. యంత్రములు తీసికొన్న విద్యుత్తు దాదాపంతయు వేడియై యాగదిలోనే నిలుచును. ఒక సంఘమున నన్నియు గలిసి 400 వాట్లు తీసికొనుచున్నవనుకొందము. నలుగురు మనుష్యులు తలుపులు మూసికొని రాత్రింబవళ్లు లోపల గూర్చున్నంత వేడి యది. ఒక టన్ను ఏ.సీ. సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి పంపగలదు. పైకప్పు ఎండను గలుపుకొన్నను చిన్న గదికి ఇంతకంటె పెద్దది కొనుమను వర్తకుని మాట వినవలసిన పనిలేదు.

అసలు చిక్కు వేరొకటి గలదు. కరెంటు పోయినపుడు బ్యాటరీలు యంత్రములను నడుపును గాని ఏ.సీ.ని నడుపవు. వేడి పుట్టుచునే యుండును. చల్లదనము మాత్రమే యాగిపోవును. ఒక మే నెలలో, పంటఋణముల కొఱకు జనము వరుసగట్టిన దినమున, ఒక సంఘములో నీ యవస్థను కన్నులార జూచితిని. మధ్యాహ్నము కరెంటు పోయిన గంటకే యంత్రము తనంతట తానాగెను. వచ్చిన రైతులు బండి ఖర్చులు పెట్టుకొని మఱునాడు మరల రావలసివచ్చెను. కార్యదర్శి కంపెనీవారిని నిందించెను. నాకు మాత్రము ఆ మూసిన తలుపే దోషిగా దోచినది.

కావున గోడకు పైభాగమున గాలిని బయటికి దోయు పంకా నొకదానిని అమర్చి, దానిని బ్యాటరీ తీగకే కలుపవలయును. దానికి కావలసినది నలుబది వాట్ల లోపే. వెలుపలిగాలి లోనికి వచ్చుటకు క్రిందిభాగమున జాలీ యుంచవలెను. మే నెల యెండకు ఇది చాలదు, నిజమే. అయినను మూసిన గదికంటె నెంతో మేలు.

బ్యాటరీల లెక్కయు రైతు తానే వేసికొనవచ్చును. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,800 వాట్-గంటల శక్తి యుండును. సగమునకు మించి తోడుచుండినచో అది త్వరగా చెడును. అనగా 400 వాట్లకు రెండు గంటలు మాత్రమే. 25 డిగ్రీలకు పైబడిన ప్రతి పది డిగ్రీలకును సీసపు బ్యాటరీ ఆయువు సుమారు సగమగును. వేడిగదిలో పెట్టి, రెండేండ్లకే చెడినదని వాపోయిన లాభమేమి?

1986 ఆగస్టు వరదలో నీరు నిలిచిన గుర్తు ఇంకను కొన్ని గోడలపై వృద్ధులు చూపగలరు. మీ యూర నట్టి గుర్తున్నచో బ్యాటరీల బల్లను దానికంటె నొక జానెడు ఎత్తున వేయింపుడు. రాబోవు సర్వసభ్య సమావేశమున యంత్రముల ఖరీదుతోబాటు ఈ గది ఖర్చునుగూడ చూపుమని కార్యదర్శిని సభ్యులే యడుగవలెను.