బడికి వెళ్ళే ముందు టీవీ అవసరమా?

ఉదయం బడికి వెళ్ళే ముందు పిల్లలు టీవీ చూడవచ్చా, కూడదా? ఇళ్ళల్లో ఇది తల్లులకూ పిల్లలకూ మధ్య రోజూ జరిగే చిన్న పేచీ. హాస్టల్లో మాత్రం ఇది నూరు మంది పిల్లల ఉమ్మడి సమయానికి సంబంధించిన విషయం. ఇంట్లో టీవీ పెడితే ఇద్దరు ముగ్గురు చూస్తారు. హాస్టల్లో ఒకరు స్విచ్ వేస్తే హాలంతా అక్కడికే చేరుతుంది. అందుకే పూర్వ విద్యార్థులుగా మా అభిప్రాయాన్ని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా తమ్ముళ్ళ ముందు, వార్డెన్ గారి ముందు, తల్లిదండ్రుల ముందు ఉంచదలచుకున్నాము. మా మాట ముందే చెబుతున్నాము: బడి ఉన్న రోజుల్లో ఉదయం పూట టీవీ వద్దు.

ఇలా అనగానే కొందరు తమ్ముళ్ళకు కోపం రావచ్చు. "డబ్బున్న పిల్లలు ఇంట్లో చూస్తారు, మేము చూస్తే తప్పా?" అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పేద పిల్లలకు వినోదమెందుకు, తిండి పెడితే చాలదా అనేవాళ్ళ మాటను మేము ఏనాడూ ఒప్పుకోము. హాస్టల్లో టీవీ ఉండాలి. అది వార్డెన్ గారి గదిలో కాక పిల్లల హాల్లో ఉండాలి. మా అభ్యంతరం టీవీ మీద కాదు, వేళ మీద.

నిజానికి మన దేశంలో పల్లె పిల్లలకు టీవీ పరిచయమైనదే ఉదయం పూట, బడిలో. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ వచ్చింది. సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం వంటి విషయాలు చూపేవారు. ఉదయం బడి పిల్లలకు ప్రత్యేక కార్యక్రమాలు. హిందీ, కన్నడ, ఒరియా, తెలుగు భాషలకు ఒక్కొక్క దానికి ఇరవై రెండున్నర నిమిషాలు. అంతే. ఆ తరువాత టీవీ ఆగిపోయేది, మాస్టారు పాఠం మొదలయ్యేది. ఇంటికి వచ్చిన దూరదర్శన్ ఉదయం ప్రసారాలు మొదలుపెట్టింది 1987లో. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక తెలుగు ఇళ్ళల్లో టీవీకి వేళాపాళా లేకుండా పోయింది.

ఆ బడి టీవీకీ ఈ పొద్దుటి టీవీకీ ఉన్న తేడాను తమ్ముళ్ళు గమనించాలి. అక్కడ కార్యక్రమానికి మొదలూ చివరా ఉండేవి. పక్కన మాస్టారు ఉండేవారు. చూసినదాని గురించి అడగడానికి మనిషి ఉండేవాడు. ఇక్కడ అదేదీ లేదు. పాట తరువాత పాట, దాని తరువాత ప్రకటనలు, ఆ తరువాత మరో పాట. చూసేవాడు నోరు మూసుకొని చూడడమే.

ఈ తేడా ఎంత పెద్దదో ఫ్రాన్స్ దేశంలో జరిగి 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. మూడున్నర నుండి ఆరున్నర ఏళ్ళ పిల్లలు 276 మందిని పరిశీలించారు. వారిలో 167 మందికి మాటలు, భాష నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంది, 109 మందికి లేదు. ఉదయం బడికి ముందు టీవీ వంటి తెరలు చూసే పిల్లల్లో భాషా సమస్య ఉండే అవకాశం సుమారు మూడు రెట్లు ఎక్కువని తేలింది. ఉదయం చూడడంతో పాటు, చూసినదాని గురించి తల్లిదండ్రులతో మాట్లాడడం కూడా లేని పిల్లల్లో అది ఆరు రెట్లు. టీవీయే దీనికి కారణమని ఈ లెక్క రుజువు చేయదు. ఆ పిల్లలు మన తమ్ముళ్ళ కంటే చిన్నవాళ్ళు కూడా. అయినా చూడడం కంటే చూసి మాట్లాడకపోవడం ఎక్కువ చేటు అనే సూచన అందులో ఉంది.

అమెరికాలో 2011లో మరో పరిశోధన వెలువడింది. నాలుగేళ్ళ పిల్లలు 60 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు వేగంగా పరుగెత్తే కార్టూన్ తొమ్మిది నిమిషాలు చూపారు. రెండో జట్టుకు నెమ్మదిగా సాగే విజ్ఞాన కార్టూన్ చూపారు. మూడో జట్టు బొమ్మలు గీసుకుంది. వెంటనే ఓర్పు, ఏకాగ్రత అవసరమయ్యే పనులు ఇస్తే, వేగం కార్టూన్ చూసిన జట్టు మిగతా వారికంటే వెనుకబడింది. తొమ్మిది నిమిషాలకే ఇలా అయితే, అరగంట పాటలు చూసి లెక్కల పీరియడ్‌లో కూర్చున్నవాడి సంగతి ఏమిటి?

ఇక మన హాస్టల్ ఉదయానికి వద్దాం. ఐదు గంటలకు లేవడం, ఐదున్నర నుండి ఏడు దాకా స్టడీ అవర్, ఆ తరువాత స్నానాలు, టిఫిను, ఎనిమిదిన్నరకు బడికి బయలుదేరడం. ఏడింటికి టీవీ మొదలైతే ఏమవుతుందో హాస్టల్లో ఉన్నవారికి తెలుసు. ఏడుకు మొదలయ్యేదానికి ఆరున్నర నుండే స్థలం పట్టుకోవడం మొదలవుతుంది. అంటే స్టడీ అవర్ ఆరున్నరకే ముగిసినట్లు. ఎనిమిది అయ్యాక అందరూ ఒక్కసారిగా కుళాయిల మీద పడతారు. ఉన్న నాలుగు కుళాయిల దగ్గర పెద్ద తరగతుల వాళ్ళ బకెట్లు ముందుంటాయి. మూడు, నాలుగు తరగతుల పిల్లలు వెనక నిలబడతారు. చివరకు స్నానం లేకుండానో, టిఫిను లేకుండానో బడికి పరుగెత్తేది వాళ్ళే. రిమోట్ పదో తరగతి వాడి చేతిలో, ఆకలి మూడో తరగతి వాడి కడుపులో. ఇది న్యాయమేనా? పెద్ద తరగతుల తమ్ముళ్ళు గుండె మీద చెయ్యి వేసుకొని ఆలోచించాలి.

ఆలస్యమైతే ముందు తప్పిపోయేది ప్రార్థన. అక్కడ మనం పాడే జాతీయగీతాన్ని రవీంద్రనాథ్ టాగోర్ 1919లో మన మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలోనే ఇంగ్లీషులోకి అనువదించి, 'భారతదేశపు ఉదయ గీతం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ ఊరి చుట్టుపక్కల పిల్లలమైన మనమే ఉదయ గీతానికి ఆలస్యంగా పోవడం ఏమంత గౌరవం కాదు.

"అరగంటే కదా" అంటారు. బడి పనిదినాలు ఏడాదికి 220 అనుకుంటే, రోజుకు అరగంట చొప్పున 110 గంటలు. పట్నంలో ట్యూషన్‌కు పోయే పిల్లవాడికి ఆ గంటలు డబ్బుతో దొరుకుతాయి. మనకు ట్యూషన్ లేదు. ఇంట్లో పాఠం చెప్పగల చదువుకున్నవాళ్ళు చాలామందికి లేరు. మనకున్న ఆస్తి ఆ ఉదయమే.

ఇక్కడ అంబేద్కర్ గారి బాల్యాన్ని గుర్తు చేయాలి. బొంబాయి పరేల్‌లో ఒకే ఒక గదిలో ఆయన కుటుంబమంతా ఉండేది. చదువుకోవడానికి చోటు లేదు. తండ్రి రాంజీ సక్పాల్ కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను మేలుకొని ఉండి, రాత్రి రెండు గంటలకు లేపి కిరసనాయిలు దీపం ముందు కూర్చోబెట్టేవారని ఆయన జీవిత చరిత్రల్లో చదువుతాము. ఆ ఇంట్లో చదువుకు గది దొరకలేదు కాబట్టి తండ్రి వేళను వెదికి ఇచ్చాడు. హాస్టల్లోనూ అంతే. ఒక్కో హాల్లో అంతమంది ఉన్నప్పుడు మనకంటూ గది ఉండదు. అందరూ నిశ్శబ్దంగా ఉండే ఆ గంటన్నరే మన చదువుల గది. టీవీ పెడితే ఆ గది గోడలు కూలినట్లే.

హార్స్లీ హిల్స్ దగ్గరలోని రిషివ్యాలీ పాఠశాల కూడా పిల్లలు ఉండి చదువుకునే బడే. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే ఆ బడిలో పిల్లలు సాయంత్రం మౌనంగా కూర్చొని సూర్యాస్తమయాన్ని చూసే అలవాటు ఉంది. దానిని 'అస్తాచల్' అంటారు. ఆ బడి ఫీజు మన ఇళ్ళకు అందేది కాదు. కానీ కాసేపు మౌనంగా కూర్చోవడానికి ఫీజు లేదు. డబ్బున్నవాళ్ళు తమ పిల్లలకు కొని ఇస్తున్న ప్రశాంతతను, మనకు ఉచితంగా దొరుకుతుంటే మనమే పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

ఇంకొక మాట. మన పడమటి మండలాల పిల్లలందరి ఇంటి భాష ఒకటి కాదు. కుప్పం వైపు నుండి వచ్చే చిన్నపిల్లలు కొందరు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడతారు. సరిహద్దు అవతల తమిళనాడులో 2006 నుండి ఉచిత కలర్ టీవీలు పంచినందువల్ల ఆ పల్లెల్లో టీవీ లేని ఇల్లు అరుదైపోయింది. అలాంటి పిల్లవాడు హాస్టల్లో చేరాక తెలుగు నేర్చుకునేది పుస్తకంలో కంటే ముందు కుళాయి దగ్గర, టిఫిను వరుసలో, పక్కవాడితో పోట్లాడేటప్పుడు. ఉదయం ఆ మాటలను టీవీ మింగేస్తే వాడు ఎక్కడ నేర్చుకోవాలి?

రాశి ఫలాల సంగతి కూడా చెప్పాలి. పరీక్ష రోజు పొద్దున "ఈ రోజు మీకు అనుకూలంగా లేదు" అనే మాట విని బడికి పోయే పిల్లవాడు సగం పరీక్ష అక్కడే తప్పినట్లు. చదివినది రాయాలి గాని, రాశి చెప్పినది కాదు.

క్రికెట్ అభిమానులు మమ్మల్ని తిట్టుకుంటారని తెలుసు. ఆస్ట్రేలియాలో ఆట అంటే మనకు పొద్దునే. 2015 మార్చి 26న సిడ్నీలో జరిగిన ప్రపంచ కప్ సెమీఫైనల్ మనకు ఉదయం తొమ్మిదింటికి మొదలైంది. మార్చి అంటే పదో తరగతి వాళ్ళ పరీక్షల కాలం. మనవాళ్ళు 95 పరుగుల తేడాతో ఓడిపోయారు. మనం చూసినా చూడకపోయినా ఓడిపోయేవాళ్ళే. స్కోరు సాయంత్రం తెలిసినా అదే స్కోరు.

మరి ఏం చేయాలి? వద్దు అని చెప్పి ఊరుకుంటే అది పెద్దల పెత్తనం అవుతుంది. అందుకే మా సూచనలు ఇవి.

మొదటిది, బడి రోజుల్లో నిద్ర లేచినప్పటి నుండి బడికి పోయే దాకా టీవీ కట్టివేయాలి. ఈ నియమం పిల్లలకే కాదు, ఆఫీసు గదికీ వంటగదికీ కూడా వర్తించాలి. పెద్దలు చూస్తూ పిల్లలను వద్దంటే ఎవరూ వినరు. ఫోనులో చూడడం కూడా టీవీ చూడడమే.

రెండవది, వార్తలు తెలియాలి కదా అనేవారికి దినపత్రిక ఉంది. రోజుకు ఇద్దరు చొప్పున పత్రిక చదివి, ఐదు ముఖ్య వార్తలు బోర్డు మీద రాయాలి. టిఫిను వేళ ఒకరు లేచి నిలబడి వాటిని చెప్పాలి. క్రికెట్ స్కోరు కూడా రాయవచ్చు. వంతులవారీగా చిన్న తరగతుల వాళ్ళకూ అవకాశం ఇస్తే సభాపిరికితనం దానంతటదే పోతుంది.

మూడవది, సాయంత్రం అరగంట, ఆదివారం ఇంకొంత సేపు టీవీ ఉండాలి. ఏది చూడాలో పిల్లల కమిటీ తేల్చాలి. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుని మీద దిగిన దృశ్యం వంటివి అందరూ కలిసి చూడవలసినవే. చూసిన తరువాత పది నిమిషాలు దాని గురించి మాట్లాడుకోవాలి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు సప్తగిరి ఛానల్‌లో వచ్చిన 'విద్యామృతం' పాఠాల వంటివి ఎప్పుడు వచ్చినా, ట్యూటర్ పక్కన కూర్చొని చూపించాలి.

నాలుగవది మా పూర్వ విద్యార్థులకే. హాస్టల్‌కు టీవీ ఇవ్వాలనుకునే మిత్రులు దానితో పాటు ఒక ఏడాది దినపత్రిక చందా, స్టడీ హాలుకు నాలుగు మంచి లైట్లు కూడా ఇవ్వాలి. వీలైతే ఇంకొక రెండు కుళాయిలు కూడా.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. తెల్లవారకముందే టమోటా కోతకో, పాల కేంద్రానికో పోయే తల్లికి, ఇంట్లో పిల్లలను కదలకుండా కూర్చోబెట్టేది టీవీయే అని మాకు తెలుసు. మేమూ అలాంటి ఇళ్ళ నుండే వచ్చాము. తప్పు పట్టడం లేదు. సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు పొద్దున పది నిమిషాలు వాళ్ళతో మాట్లాడి పొండి. బడిలో ఏం చెప్పారో అడగండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, చెప్పే వాడికి అర్థమవుతుంది.

తమ్ముళ్ళారా! మన తాతలకు తెల్లవారితే పశువుల కొట్టం, ఆసామి పొలం. పుస్తకం ముందు కూర్చునే ఒక్క ఉదయం కూడా వాళ్ళకు దక్కలేదు. మన నాన్నలకు కొందరికి దక్కింది, చాలామందికి దక్కలేదు. ఎందరో పోరాడితే, ఎందరో మంచి అధికారులు శ్రమపడితే ఈ హాస్టళ్ళు వచ్చాయి. వాటితో పాటు మనకు వచ్చినది మూడు పూటల అన్నం మాత్రమే కాదు, ఆ ఉదయం గంటన్నర కూడా. దానిని ఎవరికీ ఇవ్వకండి.

మా మాటతో ఏకీభవించని తమ్ముళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళు వచ్చే సంచికలో మాకు సమాధానం రాయాలని కోరుతున్నాము. ఉదయం ఐదున్నరకు కూర్చొని రాస్తే మరీ సంతోషం.